చేతులెత్తమని అడగకండి

మొన్న డిసెంబరులో మన సంఘం విశాఖలో పెట్టిన ఆత్మీయ సమావేశం మీకు గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు అయ్యాక స్పాన్సర్ చేసిన బిల్డర్‌కు మైకిచ్చారు. "సొంతిల్లు ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడాయన. చప్పట్లు. మా అక్క చెయ్యి సగం లేచి, పైట సర్దుకుని ఒళ్లోకి వెళ్లిపోయింది. పక్కనే మేనల్లుడు ఫోన్‌లోకి తల దించేశాడు. "టాక్స్ బెనిఫిట్‌తోనే సగం బరువు తీరిపోతుంది, ఇంకా అద్దెలెందుకు?" అన్నాడు బిల్డర్.

ఆ రాత్రి అక్కా వాళ్లింట్లో కరెంటు బిల్లు వెనక లెక్క వేశాం. మధురవాడలో ఫ్లాట్‌కి 50 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ 43 వేల పైమాటే. పాత పన్ను విధానంలో వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు. మేనల్లుడిది 20 శాతం శ్లాబు, సెస్‌తో కలిపి మిగిలేది 41,600. పొదుపుకీ, లోను అసలుకీ కలిపి ఇచ్చే 80సీ మినహాయింపు పీఎఫ్, ఎల్ఐసీలతోనే నిండిపోయింది, లోను అసలు మీద ఇంకేమీ రాదు. ఏడాదంతా కలిపి మిగిలింది ఒక్క నెల ఈఎంఐకి చాలదు. కొత్త విధానంలోకి మారితే, మనం ఉండే ఇంటికి అదీ లేదు.

నేనూ ఈ మాటకే పడ్డాను. 2008లో అమెరికాలో మొదటి ఇల్లు కొన్నప్పుడు 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, వస్తుందన్న ధైర్యంతో డౌన్ పేమెంట్‌కి స్నేహితుల దగ్గర చేబదులు తీసుకున్నాను. తీరా చూస్తే అది వడ్డీ లేని అప్పు. ఏడాదికి 500 చొప్పున 15 ఏళ్లు కట్టాను, 2024 రిటర్నుతో తీరింది. 2009లో కొన్నవాళ్లకు 8,000 దాకా ఇచ్చి, మూడేళ్లు అదే ఇంట్లో ఉంటే తిరిగి అడగలేదు. వాళ్లకైనా ప్రాపర్టీ టాక్సు, ఇన్సూరెన్సు ఏటా తప్పవు.

ఇల్లు వద్దనడం లేదు. స్టీల్‌ప్లాంట్ జీతంతో నాన్న గాజువాకలో ఇల్లు కట్టారు. అమ్మ చంద్రహారం తాకట్టుకెళ్లి మళ్లీ రాలేదు. ప్లాస్టరింగ్ లేని గోడల మధ్యే పాలు పొంగించి, నాలుగేళ్లు అలాగే ఉన్నాం. వర్షమొస్తే ఇటుకల తడి వాసన. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం. చివరికి ఆ ఇల్లు అక్క పెళ్లికే అమ్మాల్సి వచ్చింది. అదే అక్క ఆ రోజు హాల్లో చెయ్యి దించుకుంది.

కార్యవర్గానికి చేతులు జోడించి అడుగుతున్నాను. బిల్డర్ల స్టాల్ ఉండనివ్వండి, మైకు మాత్రం ఇవ్వకండి. వచ్చే డిసెంబరులో ఆ స్టాల్ పక్కనే నాకొక బల్ల ఇప్పించండి. జీతం స్లిప్పు తెచ్చిన పిల్లలకు ఈఎంఐ, మెయింటెనెన్సు, రిజిస్ట్రేషన్ ఖర్చు పోగా ఇంటికేం మిగులుతుందో కూర్చుని లెక్క కట్టి చూపిస్తాను. మొదటి కుర్చీ మా మేనల్లుడికి.