‘పాస్‌వర్డ్ పంచసూత్రాలు’ ఇక పంపకండి

ఒడిశాలోని మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగు వాట్సాప్ గ్రూపులు ఏది తెరిచినా ఇదే మెసేజి. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు, అందుకే మరీ చిరాకు. అందులో ఉన్నది ఇదీ: గట్టి పాస్‌వర్డ్ ఒకటి తయారుచేసుకుని అన్నిటికీ అదే పెట్టండి, నెలనెలా మార్చండి, మర్చిపోకుండా వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి, ఏటీఎం దగ్గర దొంగ బెదిరిస్తే పిన్ తిరగేసి కొట్టండి, పోలీసులు వస్తారు, పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి.

పిన్ సంగతి వట్టి పుకారు. మన బ్యాంకుల్లో అలాంటి ఏర్పాటు లేదు. 1221ని తిరగేస్తే ఏమొస్తుంది? దొంగ పక్కన నిలబడి ఉండగా తప్పు పిన్ కొడితే ప్రాణం మీదికొస్తుంది.

నెలనెలా మార్చడం పాత సలహా. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కి అలాంటి నియమాలు రాసిపెట్టిన బిల్ బర్, 2017లో తానే వాటి గురించి విచారపడ్డాడు. నిస్ట్ కూడా అదే సంవత్సరం గడువు పెట్టి మార్పించే పద్ధతి వద్దంది. మార్చమంటే జనం చివరి 1ని 2 చేసి ఊరుకుంటారు మరి. లీకైందని తెలిస్తే మార్చాలి, అదీ ఆ క్షణమే.

వాట్సాప్‌లో పంపుకోవడమా? రిపేరుకి లాక్ తీసి మరీ ఫోన్ ఇచ్చి వస్తున్నాం కదా! ‘పాస్‌వర్డ్’ అని వెతికితే చాలు, అన్నీ ఒక్కచోట దొరుకుతాయి.

అసలు ప్రమాదం మొదటి సూత్రంలో ఉంది. ‘మజ్జిగౌరి@123’ లాంటిది సరే, దానికి పది రెట్లు గట్టిదే పెట్టారనుకుందాం. అదే బట్టల సైటులో, ఉద్యోగ దరఖాస్తులో, జీమెయిల్‌లో. బట్టల సైటువాళ్లు దాన్ని ఎలా దాచారో ఎవరికి తెలుసు? 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి, జనం టైపు చేసినవి చేసినట్టే. అలా దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతల్ని ప్రోగ్రాములు మిగతా సైట్లలో వరసపెట్టి కొట్టి చూస్తాయి. ఊహించే పని లేదు, ఛేదించే పని లేదు. ఇక మీ గట్టిదనం ఎవరిని ఆపుతుంది?

జీమెయిల్ పోతే అన్నీ పోయినట్టే, ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ లింకులు వచ్చేది అక్కడికే. కాబట్టి ముందు గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ’ తెరిచి రికవరీ ఫోన్ ఎవరిదో చూడండి. స్కాలర్‌షిప్ ఫారం నింపిన ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయి తన నంబరే పెట్టి ఉండొచ్చు. లేదా ఎప్పుడో పాతపట్నంలో కొన్న ఆంధ్రా సిమ్ కావచ్చు. రీచార్జి మానేసిన నంబరుని కంపెనీ కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తుంది, మీ ఓటీపీ వాళ్ల ఫోన్‌కి పోతుంది. అది తీసేసి, ఇప్పుడు చేతిలో నడుస్తున్న నంబరు పెట్టండి. ‘యువర్ డివైసెస్’లో సెంటర్ కంప్యూటర్ కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి అడిగే తనిఖీ) ఆన్ చేయండి. కొత్త పాస్‌వర్డ్‌కి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి: చింత, రైలు, గొడుగు, బెల్లం, నిచ్చెన, ఇలా (ఇవే పెట్టకండి). బ్యాంకుకి వేరే, షాపింగ్‌కి వేరే.

ఐదో సూత్రం మాత్రం నిజం. చదువుకున్నవాళ్లు చాలామంది దీన్ని చూసి నవ్వుతారు, వాళ్లదే తప్పు. ఎక్కడో కూర్చుని లీకైన జాబితాలు కొట్టి చూసేవాడు మీ బీరువా దాకా రాడు. ఇన్ని పాస్‌వర్డ్‌లు ఎవరికీ గుర్తుండవు, రాసుకోండి. ఫోన్ కవరులో చీటీ పెట్టడం కాదు, పుస్తకంలోనే రాయాలి. ఏటీఎం, యూపీఐ పిన్‌లు మాత్రం ఎక్కడా వద్దు. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కసారే పనిచేస్తుంది, వాడినదాని మీద గీత కొట్టేయండి. ఫోన్ పోయిన రోజు ఓటీపీ రాదు, అప్పుడు ఖాతా తెరవడానికి అవి పనికొస్తాయి.