మన ఊరి మబ్బు మాటేమిటి?

'జిల్లాలో అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు కురిసే అవకాశం ఉంది.' ఏప్రిల్, మే నెలల్లో ఈ వాక్యం మా పత్రికలో అచ్చు కాని రోజు అరుదు. కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు ఆరబోసుకుని కూర్చున్న రైతుకు దీంతో ఒరిగేదేమిటి? అక్కడక్కడా అంటే తన ఊరా, పక్క ఊరా? పదకొండింటికి ఎండ మాడ్చేస్తుంటే కుప్ప చేసి పట్టా కప్పాలా, ఇంకాసేపు ఆరనివ్వాలా? కప్పితే తేమ తగ్గదు, 17 శాతం దాటితే కాంటా పెట్టరు. కప్పకపోతే సాయంత్రం గాలివానకు గింజలు కాలవపాలు.

వాతావరణ శాఖను తిట్టిపోయడం తేలిక. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసని సరిపెట్టుకోవడం ఇంకా తేలిక. అసలు చిక్కు మబ్బు సైజులో ఉంది. ఒక ఉరుముల మబ్బు అడ్డంగా ఐదు నుంచి పది కిలోమీటర్లు ఉంటుంది, పుట్టి కురిసి చెదిరిపోవడానికి గంటా గంటన్నర చాలు. అంచనా వేసే కంప్యూటర్ నమూనా నేలను గళ్లుగా కోసి లెక్క కడుతుంది. మొన్నటిదాకా ఆ గడి 12 కిలోమీటర్లు, 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్లకు దిగింది. మంచిదే. కానీ వల కన్ను ఎంత బిగించినా చిరుచేపలు జారుతూనే ఉంటాయి. తుపాను సంగతి రోజుల ముందే పసిగట్టగలిగినవాళ్లు ఉప్పల్‌లో కురిసి మియాపూర్‌లో కురవని వానను ముందురోజు చెప్పలేకపోతున్నది అందుకే. ఆ పని రాడార్లది. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ రాడార్లకు మబ్బు చిక్కాక, అది ఎటు నడుస్తోందో చూసి రాబోయే మూడు గంటల హెచ్చరిక ఇస్తారు.

మా తప్పూ ఉంది. వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. 'ఒకటి రెండు చోట్ల' అంటే నాలుగో వంతు లేదా అంతకన్నా తక్కువ కేంద్రాల్లో, 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా, 'చాలా చోట్ల' అంటే ముప్పావు దాకా. భారీ వర్షం అనాలంటే 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు పడాలి, 204.4 దాటితేనే అత్యంత భారీ వర్షం. ఇవన్నీ కలిపి 'పలుచోట్ల భారీ వర్షాలు' అని హెడ్డింగు పెట్టేస్తే రెండు రోజులకు జనం నమ్మడం మానేస్తారు. మానేశారు కూడా.

మూడు గంటల హెచ్చరిక అందనిచోట కళ్లే దిక్కు. అడుగు చదునుగా, దూదిపింజల్లా తేలిపోయే మధ్యాహ్నపు మబ్బులతో భయం లేదు. వాటిలో ఒకటి కాలీఫ్లవర్ పువ్వులా పైకి ఉబకడం మొదలుపెట్టి, అరగంట తర్వాత చూసినా ఇంకా పెరుగుతూనే ఉంటే పట్టా చేతిలోకి తీసుకోవాలి. దాని తల కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుందా, అది క్యుములోనింబస్, అంటే ఉరుముల మబ్బు. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. పిడుగు, వడగళ్లు, ఈదురుగాలి మూడూ దాని మూటలోవే. ఉన్నట్టుండి చల్లగాలి దుమ్ము లేపిందంటే అది ఆ మబ్బులోంచి దిగిన గాలే, ఇక మిగిలింది నిమిషాలే. ముసురు మబ్బు తీరు వేరు. దానికి ఆకారమే ఉండదు, ఆకాశమంతా బూడిదరంగు దుప్పటి. రోజంతా కురిసి మట్టిగోడలను నానబెడుతుంది కానీ పిడుగు భయం తక్కువ.

పెద్దవాళ్లు ఈ చదువు బడికి వెళ్లకుండానే నేర్చారు. 'దూరపు గుడి దగ్గర వాన' అన్న సామెత చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిని చూసి పుట్టింది, వలయం చంద్రుడికి దూరంగా కడితే వాన దగ్గరపడిందని అర్థం. ఎంతో ఎత్తున పలచగా పరుచుకున్న మంచు స్ఫటికాల మబ్బులోంచి వెన్నెల వంగితే ఆ పెద్ద వలయం ఏర్పడుతుంది. తుపానులకు ముందు అలాంటి మబ్బు వస్తుంటుంది కాబట్టి సామెత ఉత్త మాట కాదు, ప్రతిసారీ ఫలిస్తుందనీ కాదు. ఏడో తరగతి పిల్లలను వారానికి ఒకరోజు ఆరుబయట నిలబెట్టి మబ్బుల పేర్లు అడిగితే సిలబస్‌కు వచ్చే నష్టమేమీ లేదు.

దేశంలో పిడుగులకు ఏటా రెండు వేల మందికి పైగా బలవుతున్నారు. ఎక్కువమంది చేలల్లో, చెట్ల కింద. ఉరుము వినబడగానే అర్జునా ఫల్గుణా అనుకోవడం మన అలవాటు. కాదనం, కానీ ఆ నోటితోనే అంకెలు లెక్కపెట్టాలి. మెరుపు కనిపించాక మూడు లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు పడింది కిలోమీటరులోపే. ముప్పై లోపు ఉరిమినా చేలో ఉండకూడదు, చెట్టు కిందికి అసలే పోకూడదు.

పిడుగు హెచ్చరికలకు దామిని యాప్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు మెసేజీలూ పంపుతోంది. మిరప కోతకు వెళ్లిన కూలీ ఫోన్ మాత్రం గట్టు మీద సద్దిమూటలో ఉంటుంది. చాలా ఊళ్లలో పంచాయతీ ఆఫీసు మీద మైకు ఉంది, ఇంటిపన్ను కట్టమనడానికి, రేపు నీళ్లు రావని చెప్పడానికి మోగుతుంది. మండలానికి హెచ్చరిక రాగానే అదే మైకులో 'పడమటి నుంచి మబ్బు వస్తోంది, చేలల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు రండి' అని చెప్పించడానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.