మహారాజశ్రీ ఎరికా పామ్ గారికి

మహారాజశ్రీ ఎరికా పామ్ గారి సముఖమునకు, బెజవాడ పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. అంటే మేం కుశలమే, మీ ఆకుల చివర్లే మళ్లీ మాడాయి. మీరుండేది మా హాల్లోనే, సోఫా పక్కనే. అయినా ఉత్తరం ఎందుకంటే, మీతో నోటితో మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లు నన్ను అదోలా చూస్తున్నారు.

మిమ్మల్ని తెచ్చిన రోజు నాకింకా గుర్తే. కడియం నుంచి లారీలో వచ్చి, నర్సరీ గేటు దగ్గర పెళ్లివారిని ఆహ్వానించేవాళ్లలా ఊగుతూ నిలబడ్డారు. నాలుగొందల యాభై అన్నాడు, నాలుగొందలకు తెగింది. "రోజూ చెంబుడు నీళ్లు పోయండి సార్, ఇంకేం అక్కర్లేదు. రాత్రంతా ఆక్సిజన్" అన్నాడు. ఇంటికొచ్చి "పామ్ తెచ్చానమ్మా" అనగానే మా అమ్మ కాళ్లు మంచం మీదికి లాక్కుంది. పాము కాదని నమ్మించేసరికి పది నిమిషాలు పట్టింది. తర్వాత మిమ్మల్ని ఎగాదిగా చూసి అడిగింది.

"పోకమొక్కలా ఉందే. కాస్తుందా?"

"తినేవేం కాయవు."

"ఆకు పాక మీద కప్పడానికి పనికొస్తుందా?"

"రాదు."

"పోనీ, కల్లు?"

"అమ్మా!"

ఆవిడ తప్పేం లేదు. పుట్టింది తెనాలి పక్క పల్లెలో. ఆవిడకు తెలిసిన తాటిచెట్టుకు ఎవరూ చెంబుడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. ఎవరో విసిరేసిన టెంక గట్టు మీద మొలిచి, ఎండాకాలం ముంజలు, వానల్లో పండు, సంక్రాంతికి తేగలు ఇచ్చి, చివరికి దూలమై ఇల్లు మోసేది. మీరూ ఆ కుటుంబమే. సొంతూరు మడగాస్కర్. అరెకా అన్నది అసలు మా తాంబూలంలోని వక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన ఇంటిపేరు. మీరు దాన్ని అరువు తెచ్చుకుని నర్సరీవాడి నోట్లో ఎరికా అయ్యారు. మిమ్మల్ని ఆ శాస్త్రవేత్తలు చాలాకాలం పిలిచింది డిప్సిస్ లూటెసెన్స్ అని. ఆ పేరు చెబితే నాలుగొందలు కాదు, నలభై కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

ఆ ఆక్సిజన్ సంగతీ తేల్చుకుందాం. రాత్రిపూట మీరూ మాలాగే ఆక్సిజన్ పీల్చేవాళ్లే. ఇక గాలిని శుభ్రం చేయడమంటారా, 1989లో నాసావాళ్లు గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి పరీక్షిస్తే, లోపలి గాలి కొంత శుభ్రపడింది. పెట్టెలో జరిగింది కిటికీలున్న కొంపలో కూడా జరుగుతుందని నర్సరీ నర్సరీకీ పాకిపోయింది. 2019లో ఇద్దరు పరిశోధకులు పాత పరీక్షల ఫలితాలన్నీ ముందేసుకుని లెక్క కట్టారు. ఇంట్లోకి గాలి వచ్చిపోతుంటే మామూలుగా జరిగే శుద్ధికి సాటి రావాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ 10 మొక్కలుండాలట, ఎక్కువంటే 1000. మా హాలు 14 చదరపు మీటర్లు. అంటే తమరిలాంటివారు 140 మంది కావాలి. మేం వెళ్లి రైతుబజారులో పడుకోవాలి.

సరే, నా తప్పులు నేను ఒప్పుకుంటాను. మందారానికి చివర్లు తుంచితే గుబురుగా వస్తుంది కదా అని, ఓ ఆదివారం కత్తెర తీసుకుని మీ కాడలు మూడింటికి తలలు కోశాను. "మొవ్వు కోశావట్రా! తల నరికిన తాటిచెట్టు ఎక్కడైనా చిగురేసిందా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. కాడకు ఒక్కటే మొవ్వట. మూడూ ఎండిపోయాయి. అప్పుడు కుండీలో లెక్కపెడితే తెలిసింది, నేను కొన్నది ఒక మొక్క కాదు, పదకొండు. గుబురుగా కనపడాలని ఒకే కుండీలో కుక్కారు. మిగిలింది ఎనిమిది.

ఉష్ణమండలం ప్రాణి కదా, బెజవాడ ఎండ ఒక లెక్కా అని రోహిణి కార్తెలో పడమటి బాల్కనీలో పెట్టాను. హాలు నీడలో పెరిగిన మీ ఆకులు ఒక్క మధ్యాహ్నానికే అప్పడాలయ్యాయి. పోనీ అని లోపలికి తెచ్చి ఏసీ వేస్తే, ఆ పొడిగాలికి చివర్లు మాడ్చుకుని అలకపాన్పు ఎక్కారు. కొత్తల్లుడికైనా స్కూటర్ ఇస్తే దిగేవాడు.

ఇక నీళ్లు. ఆర్వో మిషన్ వదిలే వేస్టు నీళ్లు పారబోయడం ఇష్టంలేక బకెట్లో పట్టి మీకే పోసేవాణ్ణి. నీటి పొదుపంటే ఇదీ అని అపార్ట్‌మెంటు మీటింగులో లేచి చెప్పాను కూడా, చప్పట్లు కొట్టారు. మిషన్ మా మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఉన్నది ఆ బకెట్లోనేనని ఒక్కరికీ తట్టలేదు. మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టాక వెలిగింది.

అదొక్కటే అయితే బతికిపోదురు. పొద్దున్నే కాఫీ కంటే ముందు మా ఆవిడ మీకో చెంబు. తొమ్మిదింటికి అమ్మ బియ్యం కడిగిన నీళ్లు. సాయంత్రం మావాడు వాటర్ బాటిల్లో మిగిలింది. రాత్రి నా బకెట్. ఎవరికి వాళ్లం "పాపం, దీన్ని పట్టించుకునే దిక్కే లేదు" అనుకుంటూ పోశాం. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. దాహం కాబోలనుకుని నలుగురం మోతాదు పెంచాం.

ఓ శుక్రవారం దోమల తనిఖీకి మునిసిపాలిటీ అమ్మాయి వచ్చింది. మీ కింద పళ్లెంలోకి టార్చి వేసి, నా వైపు తిరిగి, "మొక్కను పెంచుతున్నారా సార్, దోమల్నా?" అంది. పళ్లెంలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. కుండీ పక్కకు ఒరిగిస్తే మురుగుకాలవ కంపు. ఒక వేరు పట్టుకుని లాగాను. పైతొక్క ఊడి చేతికొచ్చింది, లోపల సన్నటి నారపోగు మిగిలింది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి మీరు మునిగి కూడా దాహంతోనే ఉన్నారన్నమాట.

కుళ్లిన వేళ్లూ, వాటితోపాటు పోయిన మూడు కాడలూ కత్తిరించి, అడుగున బెజ్జాలున్న కుండీలో ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలో పాతాను. తూర్పు కిటికీ దగ్గర, తెర వెనక, నేరుగా ఎండ తగలకుండా పెట్టాను. పళ్లెం తీసేశాను. ఇకమీదట మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడాలి, అక్కడ పొడిగా ఉంటేనే నీళ్లు, అదీ కుళాయి నీళ్లు. ఈ డ్యూటీ నా ఒక్కడిదే. "ఎవరూ నీళ్లు పోయవద్దు" అని కాగితం మీద లావుగా రాసి కుండీకి అంటించాను. బతికున్న అయిదు కాడలూ దీన్ని గమనించగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
సోఫా మీద కూర్చునేవాడు

తా.క.: ఇప్పుడే చూశాను. కాగితం మీద నా అక్షరాల కింద పెన్సిల్‌తో అమ్మ రాత: "కొంచెమే పోశాను."