సున్నా మార్కులొచ్చిన రోగి

మా పెద్దమ్మకు షుగరు, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని అరగంట దాకా కాఫీ ముట్టకూడదు. షుగరు మాత్ర ఒకటి టిఫినుకు ముందు, ఇంకోటి తిన్నాక. క్యాల్షియం బిళ్లకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. చదువు రాదు, స్ట్రిప్పు రంగే గుర్తు. ఒకసారి మందుల షాపతను అదే మందు వేరే కంపెనీది ఇచ్చాడు. పాత బిస్కెట్ డబ్బాలో ఆకుపచ్చ స్ట్రిప్పు ఇంకా మిగిలే ఉంది. కొత్తది వెండి రంగు. రెండూ వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంది. మూడో రోజు కళ్లు తిరిగితే గానీ మాకు తెలియలేదు.

ఈ చాకిరీకి పరిశోధకులు పెట్టిన పేరు చికిత్సా భారం. జబ్బు పెట్టే బాధ వేరు, వైద్యం పెట్టే బాధ వేరు. 2005లో అమెరికా పరిశోధకులు ఒక లెక్క కట్టారు. ఐదు దీర్ఘకాలిక జబ్బులున్న 79 ఏళ్ల వృద్ధురాలిని ఊహించుకుని, ఏ జబ్బుకా జబ్బు మార్గదర్శకాలను తు.చ. తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో చూశారు. 12 రకాల మందులు, నెలకు 406 డాలర్ల ఖర్చు తేలింది. విడివిడిగా చూస్తే ఏ డాక్టరుదీ తప్పు కాదు. అన్నీ ఒక్క మనిషి నెత్తిన పడటమే సమస్య.

ఈ భారాన్ని కొలిచే ప్రశ్నావళులు లేకపోలేదు. పారిస్‌లో ఒకటి, అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లది ఒకటి ఉన్నాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బృందం 2018లో ప్రచురించినది చిన్నది, వాడటం తేలిక. మందులు గుర్తుపెట్టుకోవడం, అపాయింట్‌మెంట్లు, రకరకాల డాక్టర్ల చుట్టూ తిరగడం, ఇంట్లోవాళ్ల మీద ఆధారపడటం వంటి 10 పనులు ఎంత కష్టమో అడుగుతుంది. మొత్తం స్కోరు 0 నుంచి 100.

మందులకు డబ్బు కట్టడం గురించిన ప్రశ్న ఆ పదిలో లేదు, అవసరమైతే చేర్చుకునేదిగా పక్కన పెట్టారు. ఇంగ్లండ్‌లో 60 దాటినవాళ్లకు ప్రిస్క్రిప్షన్ మందులు ఉచితం, కాబట్టి అక్కడికది సరే. మన దగ్గర మొదట అడగాల్సిందే అది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ‘కష్టం లేదు’ అన్నా సున్నాయే, ‘నాకు వర్తించదు’ అన్నా సున్నాయే. పెద్దమ్మ రక్తపరీక్షకు వెళ్లడం మానేసి ఏడాదైంది. పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకు మళ్లీ ఒకసారి రక్తమివ్వాలంటే పొద్దున బస్సెక్కి టౌనుకు పోవాలి, సగం రోజు అక్కడే గడుస్తుంది. మోకాళ్లు సహకరించవు. ఇప్పుడు అడిగితే పరీక్షలు ఆమెకు వర్తించవు. బరువు దించేసినవాళ్లకీ, అసలు బరువే లేనివాళ్లకీ ఒకే మార్కన్నమాట. మందులు తెచ్చేది, డబ్బాలో సర్దేది ఇప్పుడు కోడలు. ఆవిడ పడే కష్టానికి ఆ కాగితం మీద ఒక్క గడే ఉంది. అదీ పెద్దమ్మకు ఎంత ఇబ్బందో అడుగుతుంది గానీ కోడలినేమీ అడగదు.

ఈ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేవాళ్లు మాటలు మారిస్తే చాలదు. ‘వర్తించదు’ అన్నచోట ఆగి, ‘ఎప్పుడైనా చేసి మానేశారా? మీ బదులు ఇంకెవరైనా చేస్తున్నారా?’ అని అడగాలి. బీపీ, షుగరు లాంటి అంటుకోని జబ్బులు చూసే మన ఎన్‌సీడీ క్లినిక్కుల్లో బీపీ అంకె, షుగరు అంకె రాసుకుంటారు. ఆ పక్కనే ఈ రెండు జవాబులకూ చోటుండాలి.