వృత్తి స్వేచ్ఛకు గట్టు ఎక్కడ?

1950లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ జిల్లా డిప్యూటీ కమిషనర్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. వ్యవసాయ పనులు సాగే రోజుల్లో ఫలానా ఊళ్లలో ఎవరూ బీడీలు చుట్టకూడదు, చుట్టించకూడదు. జనమంతా బీడీలకు పోతే పొలాల్లోకి కూలీలు రావడం లేదన్నది సాకు. దానికి దన్నుగా 1948 నాటి చట్టమూ ఉంది. అయినా చింతామణరావు కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్ 8న ఆ నిషేధాన్ని కొట్టేసింది. పొలం పని చేయలేని ముసలివాళ్లను, వికలాంగులను కూడా బీడీ మాన్పిస్తే పంటకు ఒరిగేదేమిటన్నది తీర్పు సారాంశం.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. సార్వా (ఖరీఫ్) నాట్లకు కూలీలు దొరకడం లేదని కోనసీమలో కొబ్బరి పీచు పనినో, భీమవరం వైపు రొయ్యలు ఒలిచే షెడ్లనో రెండు నెలలు మూసేయమంటే, ఆ ఉత్తర్వూ ఇదే పరీక్షకు నిలబడాలి.

రాజ్యాంగం 19(1)(జి) ప్రకారం ఏ వృత్తి, ఉపాధి, వర్తకం, వ్యాపారమైనా చేసుకునే హక్కు పౌరుడిది. కంపెనీ పౌరుడు కాదు. 19(6) కింద ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం సహేతుకమైన పరిమితి పెట్టవచ్చు, వృత్తికి అర్హతలు నిర్ణయించవచ్చు. 1951లో మొదటి సవరణ తర్వాత ఒక వ్యాపారాన్ని పూర్తిగా తన చేతికే తీసుకోనూవచ్చు. అయితే పరిమితి చట్టం ద్వారానే రావాలి. ఆఫీసు నుంచి ఫోన్ చేసి ‘ఆపెయ్యి’ అంటే అది చట్టం కాదు. హక్కుకు అడ్డు తగిలిందని తేలితే, ఆ అడ్డు సబబేనని రుజువు చేసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని 1954లో సగీర్ అహ్మద్ కేసు చెప్పింది.

డెల్టాలో అసలు పేచీ మాత్రం రైతుకూ సర్కారుకూ మధ్య కాదు, చెరువుకూ దాని పక్క చేనుకూ మధ్య. పొక్లెయిన్‌తో గట్లు పోసి, ఉప్పునీరు నింపి వనామీ రొయ్య వేస్తారు. ఆ నీరు గట్టు అడుగు నుంచి ఊటగా పక్క మడిలోకి దిగుతుంది. పైగా చెరువు ఖాళీ చేసినప్పుడు నీటిని పంట బోదెలోకో, మురుగు కాలువలోకో వదిలేస్తారు. వరి నారు దశలోనూ పూత దశలోనూ ఉప్పుకు తట్టుకోలేదు. చేను చౌడెక్కాక ఆ రైతుకు మిగిలే దారి తన భూమినీ చెరువుకు లీజుకివ్వడమే. దాన్ని ‘ఇష్టపడి ఎంచుకున్న వృత్తి’ అనడం నాకు హాస్యాస్పదంగా తోస్తుంది. 19(6)లో ‘ప్రజా ప్రయోజనం’ అన్న మాట ఈ పక్క చేను రైతు కోసమే ఉందని చదువుకోవాలి.

1996 డిసెంబర్ 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వైపే నిలిచింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలంది. వ్యవసాయ భూమిని రొయ్యల చెరువులుగా మార్చరాదంది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ పట్టు సడలించింది. పోటు రేఖ (పోటు నీరు చేరే గరిష్ఠ హద్దు) నుంచి 2 కిలోమీటర్లలోపు సాగుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఆ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాలు రొయ్యల చెరువుకూ సాగుభూమికీ మధ్య నేలను బట్టి 50 నుంచి 100 మీటర్ల ఎడం ఉండాలన్నాయి. రెండెకరాల కమతాల డెల్టాలో 100 మీటర్లంటే ఒక్కోసారి పక్కవాడి చేనంతా దాటిపోతుంది! నిబంధన మంచిదే, నేల కొలత తెలియకుండా రాశారంతే. ఆ 2 కిలోమీటర్ల అవతలి చెరువులకు రాష్ట్రం 2020లో తెచ్చిన ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ఉంది.

జగన్నాథ్ తీర్పులో ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మూతపడే చెరువుల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కూలీలకు చట్టప్రకారం వచ్చే పరిహారం పైన ఆరేళ్ల వేతనం అదనంగా ఇమ్మంది కోర్టు. మరి వరిచేను చెరువైనప్పుడు దిక్కులేకుండా పోయే కౌలు రైతుకు? ఏమీ లేదు. నాట్లు, కలుపు, కోతలు పోయి మేత వేసే మనిషి, కాపలా మనిషి మిగులుతారు. 19(1)(జి) ప్రధానంగా రాజ్యం మీద వాడే హక్కు, భూయజమాని మీద వాడటం తేలిక కాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు సాగు హక్కు కార్డు ఇస్తుంది గానీ, దానికి యజమాని సంతకం కావాలి, ఒప్పందం 11 నెలలదే. చెరువు లీజుకు మంచి ధర వచ్చాక ఆ సంతకం ఎవరు పెడతారు?

ఊరు వెలివేసి కట్టే అడ్డుకూ ఈ అధికరణం పెద్దగా పనికిరాదు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో దళితులను పనులకు పిలవడం మానేసినప్పుడు ఆసరా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమే. 2015 సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది.

పక్కన చెరువు తవ్వుతున్నారంటే ఎక్కువమంది రైతులు చేను పాడయ్యాకే అర్జీ పెడతారు. అప్పటికి ‘నీ నేల ముందే చౌడు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నీరు నింపకముందే గట్టు పక్కనా, చేను మధ్యలోనూ 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, తేదీ, సర్వే నంబరు రాయించి పరీక్షకు ఇవ్వాలి. సంతృప్త మట్టి ద్రావణంలో (మట్టి పట్టినంత నీరే కలిపి తీసినది) విద్యుత్ వాహకత, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మన ప్రయోగశాలల్లో చాలావరకు ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి కొలుస్తారు గనుక అంకె తక్కువగా వస్తుంది. దాన్ని నేరుగా ఆ 3తో పోల్చి ‘ఇంకా బాగానే ఉంది’ అనుకోకూడదు. నింపాక అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ కొలిపించి రెండు కాగితాలూ కలిపి అర్జీకి జతచేయాలి.