సవరణ: హేగ్ కోర్టు గురించి నేను రాసిన తప్పులు

అనంతపురంలో మహిళా హక్కుల కార్యకర్తలకు జరిగిన శిక్షణ గురించి పోయిన వారం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

అత్యాచారం కూడా జాతి నిర్మూలన కావచ్చని తొలిసారి తీర్పు ఇచ్చింది నెదర్లాండ్స్ దేశం హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అని రాశాను. కాదు. 1998 సెప్టెంబర్ 2న ఆ తీర్పు ఇచ్చింది ఆఫ్రికా దేశం రువాండాలో జరిగిన మారణకాండను విచారించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ (ప్రత్యేక కోర్టు). అది టాంజానియాలోని అరూషాలో ఉండేది. హేగ్ కోర్టు మొదలైందే 2002లో. ముద్దాయి అకాయేసు, టాబా ప్రాంత మేయర్. అతని మీద మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం మాటే లేదు. సాక్ష్యానికి వచ్చిన ఆడవాళ్లు నోరు విప్పాక, బెంచిలో ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి నవి పిళ్లై వివరంగా అడిగాక, 1997లో చేర్చారు. శిక్షణలో నాకు బాగా నాటుకున్నది ఇదే. తీరా కోర్టు పేరే తప్పు రాశాను!

రెండోది ఇంకా పెద్ద తప్పు. ఇక్కడ న్యాయం దొరక్కపోతే హేగ్‌కు పోవచ్చన్నాను. అది చదివి తాడిపత్రి నుంచి ఒక అక్క ఫోన్ చేసి, "మా కేసు కాగితాలు యాడికి పంపాలమ్మా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ కోర్టును ఏర్పాటు చేసిన రోమ్ ఒప్పందంలో భారత్ లేదు. పైగా అది చూసేది జాతి నిర్మూలన, యుద్ధ నేరాల్లాంటివే. మొగుడు కొట్టాడనో, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదనో అక్కడికి పోలేం. ఇక్కడైతే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు, అంటే నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా రాసుకునే ఎఫ్‌ఐఆర్. రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌కు. ఆ అక్కకూ ఇదే చెప్పాను.