నిద్రావస్థలో పుంజు, రాజ్యావస్థలో ఫ్లడ్ లైటు

కోనసీమ కాకుల మీద ఈమధ్య ఒక తీవ్రమైన అభియోగం వినబడుతోంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రాత్రులూ అవి అర్ధరాత్రివేళ అరిచాయట. అది ఊరికి అరిష్టమట. వెంటనే శాంతి చేయించాలట. ఆ కాకులు నిద్రపోయే కొబ్బరితోట నడుమ కోడిపందేల బరి కట్టి, నాలుగు మూలలా ఫ్లడ్ లైట్లు నిలబెట్టినవారూ, ఇప్పుడు ఈ అభియోగం మోపుతున్నవారూ ఒకరే కావడాన్ని కేవలం కాకతాళీయంగానే భావించాలి.

కాకికి వకీలు దొరకడు గనుక ఆ పూచీ నేను తీసుకుంటున్నాను. పక్షి ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. అది సుమారు ఇరవై నాలుగు గంటలకొకసారి తిరుగుతూ, వెలుగుచీకట్లను బట్టి రోజూ తనను తాను సరిచేసుకుంటుంది. వెలుగును పక్షి కంటితోనే కాదు, మెదడు లోతుల్లోని కణాలతోనూ పసిగడుతుంది. పలుచని పుర్రెలోంచి దిగే కాంతి వాటికి చాలు. అందువల్ల, కళ్ళు మూసుకుని పడుకోవచ్చు కదా అని కాకిని నిలదీయడం న్యాయం కాదు. 1968లో గాస్టన్, మెనేకర్ అనే శాస్త్రవేత్తలు పిచ్చుకల మెదడులోంచి పీనియల్ గ్రంథిని తొలగించి ఎడతెగని చీకటిలో ఉంచితే, వాటికి తిరిగే వేళకూ విశ్రమించే వేళకూ తేడా లేకుండా పోయింది. రాత్రయిందని ఒంటికి కబురు చేసే మెలటోనిన్ అనే హార్మోనును చీకట్లో స్రవించేది ఆ గ్రంథే. అక్కడ వారు కత్తి పెట్టి చేసిన పనిని మనవాళ్ళు ఇక్కడ జనరేటరు పెట్టి సాధిస్తున్నారు.

అయితే అసలు ఘనత బరి పక్కన కుర్చీ వేసుకుని, ఏ వేళకు ఏ పుంజు గెలుస్తుందో పంచాంగం చూసి చెప్పే కుక్కుట శాస్త్రవేత్తగారిది. (1960 నాటి జంతుహింస నివారణ చట్టం గురించి అందరికీ తెలుసు గనుక ఆ ప్రస్తావన ఇక్కడ అనవసరం.) ఆయన పక్షమూ, వారమూ, నక్షత్రమూ, జామూ గుణించి, భోజన, గమన, రాజ్య, నిద్రా, మరణావస్థల్లో ఏ పుంజు ఎక్కడున్నదో తేలుస్తారు. ఈ జాములో డేగకు రాజ్యమనీ, నెమలికి నిద్ర అనీ (రెండూ ఈకల రంగును బట్టి పుంజులకు పెట్టిన పేర్లే) ప్రకటిస్తారు. నిద్రావస్థలో ఉన్న ఆ నెమలి పుంజు కళ్ళలోకి సరిగ్గా ఒక ఫ్లడ్ లైటు కొడుతూ ఉంటుంది. కాలికి కత్తి కడుతూ ఉంటారు. ఇంతలో అది కూస్తుంది. తోట చివరింట్లో మామ్మగారు తెల్లవారిందనుకుని లేచి కల్లాపి చల్లేస్తారు. ఆవిడ చప్పుడుకు పాకలో దూడ పాలకని అరుస్తుంది. పక్కింటాయన తువ్వాలు భుజాన వేసుకుని కాలువ రేవుకు బయలుదేరుతాడు. అప్పటికి రాత్రి ఒంటిగంట. శాస్త్రవేత్తగారు పేజీ తిప్పి, ఇది శుభసూచకమేనని నిర్ధారిస్తారు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు మాత్రం వెలుగులో మార్పే లేని గదిలో ఉంచినా పుంజు తన లోపలి గడియారాన్ని బట్టి కూస్తుందని 2013లో చూపించారు. హోదాలో పెద్ద పుంజే ముందు కూస్తుందని మరో రెండేళ్ళకు తేల్చారు. మన సభామర్యాద కోళ్ళకు ఎవరు నేర్పారో తెలియదు.

కొన్ని పక్షులు రాత్రివేళ కూడా మేస్తాయి కదా అని చదువుకున్నవారు అడుగుతారు. మేస్తాయి. కోరింగ మడ అడవుల దగ్గర బురదనేలల్లో ఉల్లంకులనే నీటిపిట్టలు పోటు తీసి పాటు మొదలైతే చాలు, రాత్రైనా దిగుతాయి. ఆ వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున జరుగుతున్నా వాటి లెక్క తప్పదు. కానీ వాటిని నడిపేది సముద్రం. కాకిని అర్ధరాత్రి లేపినది మనం.

బరి మూడు రాత్రులతో పోతుంది. రొయ్యల చెరువు గట్టు మీది దీపం పోదు; ఏడాది పొడవునా ఆకాశం మొహాన కొడుతూనే ఉంటుంది. జర్మనీలో నల్లపిట్టల మీద రాత్రంతా 0.3 లక్స్ వెలుగు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత, ప్రసరింపజేస్తే వాటి ఒళ్ళు సంతానోత్పత్తికి దాదాపు నెల ముందే సిద్ధపడింది. గూడు కట్టే రుతువునే తప్పించేంత పని వెన్నెలపాటి వెలుగు చేసిందంటే, గట్టు గట్టుకూ వెలిగే ఈ దీపాల కింద మన కొంగలూ పిచ్చుకలూ ఏమవుతున్నాయో ఎవరికైనా పట్టిందా? చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటరు రాత్రంతా తిరగాలి, దాన్ని కనిపెట్టుకునేందుకు దీపం కావాలి, కాదనను; తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య చస్తుంది. దొంగల భయమూ ఉంది, ఒప్పుకుంటాను. కానీ దొంగ గట్టు మీద నడిచి వస్తాడు గానీ ఆకాశంలోంచి దిగడు కదా! దీపాన్ని నేలకు వంచి పైన ఒక రేకు మూత బిగించమంటే, మేతకూ మందులకూ డీజిలుకూ లక్షలు పోసే పెద్దమనుషులు రేకు ఖర్చని నసుగుతారా? రాత్రి ఎవరి సొంత చెరువు? దాన్ని వీళ్ళకు కౌలుకిచ్చింది ఎవరు?